బీరువా వెనక గోడంతా నల్లటి బూజు: వీడియోల్లో చెప్పే టాక్సిక్ మోల్డ్ ఇదేనా?

ఎంవీపీ_అద్దెఇల్లు
వైజాగ్‌లో పైఅంతస్తు ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాం. బెడ్‌రూమ్‌లో బీరువా జరిపితే వెనక గోడ మీద నేల నుంచి నడుమెత్తు దాకా నల్లటి చుక్కలు. కొన్నిచోట్ల అవి కలిసిపోయి పెద్ద మచ్చలయ్యాయి. బీరువాలో కింది అరలోని పట్టుచీరల మీద కూడా తెల్లటి పొడి. గదిలో ముక్కిపోయిన వాసన చాలా రోజులుగా వస్తోంది, బట్టలు సరిగా ఆరక అనుకున్నాం.

పాపకి నాలుగేళ్లు. వానలు మొదలైనప్పటి నుంచి రాత్రుళ్లు దగ్గు. స్కూల్లో మాత్రం దగ్గడం లేదని టీచర్ గారు అంటున్నారు. యూట్యూబ్ తెరిస్తే విషపు బూజు, ఇల్లు ఖాళీ చేయండి అని భయపెట్టే వీడియోలే. ఓనర్ గారేమో "వానాకాలం కదమ్మా, పెయింటర్‌ని పంపిస్తాలే" అన్నారు. మా అత్తగారికి షుగర్ ఉంది. ఆవిడ ఇది కోవిడ్ టైమ్‌లో వచ్చిన బ్లాక్ ఫంగసే అని టెన్షన్ పడుతున్నారు. పెయింట్ వేస్తే పోతుందా? టెస్ట్ ఏదైనా చేయించాలా?

రంగుల_డబ్బా
అక్కా, పెయింటింగ్ నా పనే, అయినా చెప్తున్నా. ఇప్పుడు రంగు వేయించకండి. వచ్చినవాడు పైపైన గీకి, ఒక చేయి పుట్టీ పెట్టి, రెండు కోట్లు వేసి పోతాడు. సంక్రాంతి దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత రంగు బుడగలు లేచి, పెచ్చులు ఊడి, అదే నలుపు బయటికొస్తుంది. యాంటీ ఫంగల్ అని డబ్బా మీద రాసుండే రంగులు ఆరిన గోడ మీద పనిచేస్తాయి. లోపలి నుంచి నీళ్లు వస్తుంటే ఏ కంపెనీ రంగూ నిలబడదు.

అనుమానప్పక్షి
మేం కోనసీమలో పెంకుటింట్లో పెరిగాం. ఆషాఢం వచ్చిందంటే గోడలకు నెమ్ము, అటక మీద బూజు, చెప్పుల మీద బూజు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ టాక్సిక్ మోల్డ్ అమెరికా నుంచి దిగుమతైన భయం. తుడిచేసి కిటికీ తీసి పెట్టండి, సరిపోతుంది.

కాంక్రీట్_బాబాయ్
ఆ ఇంటికీ ఈ ఫ్లాట్‌కీ పోలిక పెట్టకు నాయనా. మీ పెంకుటింటికి ఏటా పండక్కి సున్నం వేసేవాళ్లు. సున్నంలో క్షారం ఎక్కువ, కొత్తగా వేసిన సున్నం మీద బూజు పెరగడం కష్టం. పెంకుల సందుల్లోంచి రాత్రీపగలూ గాలి ఆడేది. గోడ తడిస్తే అంతే సులువుగా ఆరేది. ఇప్పుడు సిమెంటు గోడకు ప్లాస్టిక్ పొరలాంటి రంగు వేస్తున్నాం, అల్యూమినియం కిటికీలు బిగించి ఏసీ పెడుతున్నాం, గోడకు ఆనించి ఆరడుగుల బీరువా నిలబెడుతున్నాం. తేమ ఎటు పోతుంది?

ఛాతీ_డాక్టర్
అనుమానప్పక్షి గారు సగం రైటు. "టాక్సిక్ మోల్డ్" అనే పేరే సరైనది కాదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతుంది. కొన్ని రకాల బూజులు కొన్ని పరిస్థితుల్లో విషపదార్థాలు తయారుచేసే మాట నిజం. అయితే రంగు చూసి ఇది విషం, ఇది కాదు అని చెప్పలేం. నల్లగా ఉండే బూజుల్లో చాలా రకాలున్నాయి. వీడియోల్లో భయపెట్టేది స్టాకీబోట్రిస్ అనే రకం. 1990ల్లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో కొందరు పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైతే మొదట దీన్నే అనుమానించారు. 2000లో సీడీసీ ఆ పరిశోధనను మళ్లీ పరిశీలించి, సంబంధం రుజువు కాలేదని తేల్చింది. భయం మాత్రం అప్పటి నుంచి అలాగే ఉండిపోయింది.

ఇక మిగతా సగం. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ముక్కు దిబ్బడ పెరుగుతాయని, ఆస్తమా ఉన్నవాళ్లకు అది ముదురుతుందని గట్టి ఆధారాలున్నాయి. 2004లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఈ మాటే చెప్పాయి. దీనికి ఆ బూజు "విషపుది" కానక్కర్లేదు. ఏ బూజైనా అలర్జీ తెప్పించగలదు. చచ్చిన బూజు పొడి కూడా తెప్పిస్తుంది.

మీ పాప విషయంలో నాకు ముఖ్యంగా అనిపించింది స్కూల్లో దగ్గడం లేదన్న మాట. అంటే కారణం ఇంట్లో ఉండొచ్చు. అయితే రాత్రి దగ్గుకు వేరే కారణాలూ ఉంటాయి, ఆస్తమా దగ్గు మామూలుగానే రాత్రి ఎక్కువ. అందుకే పిల్లల డాక్టర్‌కి చూపించండి. చూపించేటప్పుడు గోడ ఫోటో కూడా చూపించండి. చాలామంది మందుల చీటీలన్నీ తెస్తారు, ఇంటి సంగతి చెప్పరు. ఈలోగా పాపను వేరే గదిలో పడుకోబెట్టండి.

అత్తగారికి: 2021లో తెలంగాణ, ఆంధ్రల్లో అందరినీ వణికించిన బ్లాక్ ఫంగస్ వేరు. అది మ్యూకరేల్స్ అనే వర్గానికి చెందిన శిలీంధ్రాల వల్ల వస్తుంది. అవి మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, ఎరువుల్లో ఉంటాయి. అది సోకిన చోట కణజాలం చచ్చి నల్లబడుతుంది కాబట్టి జనం అలా పిలిచారు. గోడ మీద నలుపుకి ఆ నలుపుకి సంబంధం లేదు. షుగర్ అదుపు తప్పడం, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడటం దానికి దారితీశాయి. ఆవిడ షుగర్ అదుపులో ఉంచుకుంటే చాలు. అయితే ఆ గోడ శుభ్రం చేసే పని మాత్రం ఆవిడకి చెప్పకండి. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు కూడా ఆ పనికి దూరంగా ఉండాలి.

ఎంవీపీ_అద్దెఇల్లు
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. అత్తగారికి చదివి వినిపించాను, కాస్త కుదుటపడ్డారు. మరి ఏ రకం బూజో టెస్ట్ అక్కర్లేదా? ఒక కంపెనీ వాళ్లు గాలి శాంపిల్ తీసి రిపోర్ట్ ఇస్తామంటున్నారు, రేటు చూస్తే కళ్లు తిరిగాయి.

హ్యూస్టన్_తెలుగోడు
ఆ డబ్బు ప్లంబర్‌కి ఇవ్వండి. బూజు కంటికి కనిపిస్తుంటే చాలా సందర్భాల్లో శాంపిల్ అక్కర్లేదని ఇక్కడి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెబుతుంది. గాలిలో ఇన్ని స్పోర్లు (బూజు విత్తనాల్లాంటి కణాలు) ఉంటే ప్రమాదం, ఇంతలోపు ఉంటే క్షేమం అనే ప్రమాణమే అమెరికా ప్రభుత్వం పెట్టలేదు. రిపోర్ట్‌లో అంకె వస్తుంది, ఆ అంకెతో ఏం చేయాలో ఎవరూ చెప్పలేరు. ఏ బూజైనా చేయాల్సిన పని ఒకటే: నీళ్లు ఆపడం, బూజు తీసేయడం.

ఇంకోటి. ఇక్కడి ఇళ్లకు లోపలి గోడలు జిప్సం బోర్డువి, దానికి రెండువైపులా కాగితం ఉంటుంది. స్టాకీబోట్రిస్‌కి కావాల్సింది బాగా తడిసి తడిగానే ఉండే అలాంటి కాగితం, చెక్కే. 2017లో హార్వీ తుఫాను నీళ్లు ఇళ్లలోకి వచ్చాక ఊరంతా గోడల అడుగుభాగం కోసి రోడ్డు మీద కుప్పలు పోశారు. మన ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టర్‌లో దానికి తిండి తక్కువ. అయితే ఈ మధ్య మనవాళ్లు జిప్సం ఫాల్స్ సీలింగ్, వాల్‌పేపర్, పార్టికల్ బోర్డు కప్‌బోర్డులు అంటూ దాని తిండిని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటున్నారు. బాత్రూమ్ గోడకి అవతలి పక్క వాల్‌పేపర్ అంటించడం నాకైతే అసలు అర్థం కాదు.

టెక్సాస్‌లో ఒక మంచి రూల్ ఉంది. బూజు ఒకేచోట 25 చదరపు అడుగులో అంతకు మించో ఉంటే లైసెన్స్ ఉన్నవాళ్లే తీయాలి. పరీక్ష చేసిన కంపెనీయే అదే ఇంట్లో తీసే పనీ చేయకూడదు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు కదా.

కాంక్రీట్_బాబాయ్
ఇక అసలు పని, నీళ్లెక్కడివి. అమ్మా, నీది పైఅంతస్తు. డాబా మీద నుంచి దిగే నీళ్లైతే మచ్చ సీలింగ్‌లో, లేదా గోడ పైభాగంలో మొదలవ్వాలి. నీ మచ్చ కింద నుంచి నడుమెత్తు దాకా. పునాది చెమ్మ పాకింది అనడానికి అది గ్రౌండ్ ఫ్లోర్ కాదు. ఆ గోడకి అవతల ఏముంది? బాత్రూమ్ అయితే సగం కేసు తేలినట్టే. బయటి గోడ అయితే కిటికీ కింద, సన్‌షేడ్ దగ్గర పగుళ్లు చూడాలి, వాన కొట్టే వైపా కాదా చూడాలి.

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యి. మచ్చ పక్కన గోడని బట్టతో తుడిచి, అడుగు వెడల్పు అల్యూమినియం ఫాయిల్ గానీ, మందపాటి పారదర్శక ప్లాస్టిక్ కవర్ గానీ పెట్టి నాలుగు వైపులా టేప్ అంటించు, గాలి దూరకుండా. ఒకటి రెండు రోజులు ఉంచి తియ్యి. గది వైపు ఉన్న ముఖం మీద నీటి చుక్కలుంటే ఆ తేమ గాలిలోది. గోడ వైపు ముఖం తడిగా ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి.

గోడలోంచే అయితే, రెండో బాత్రూమ్ ఉంటే ఆ గోడ పక్క బాత్రూమ్ వాడకం కొన్నాళ్లు పూర్తిగా ఆపు. చెమ్మ తగ్గుముఖం పడితే లోపం నేల టైల్స్ సందుల్లోనో, నాణీ ట్రాప్ (నేల మీద నీళ్లు పోయే జాలీ) చుట్టూనో ఉన్నట్టు. వాడకం ఆపినా తడి అలాగే ఉంటే గోడలో దాచిన పైపు కారుతోంది, గీజర్ లైన్ కూడా చూడాలి. అది ఎండాకాలంలోనూ ఆరదు. ఓనర్లు వానాకాలం అని నెట్టేసే మాటకి ఇదే సమాధానం: మే నెలలో కూడా తడిగా ఉండే గోడకి వానతో పని లేదు.

తెల్లటి ఉప్పు పొడి సంగతి కూడా చెప్పాలి. గోడ మీద తెల్లగా పొంగి, చేత్తో రాస్తే గరుకుగా రాలి, నీళ్లు చల్లితే కరిగిపోతే అది బూజు కాదు, ఇటుకలోంచి, ప్లాస్టర్‌లోంచి బయటికొచ్చిన ఉప్పు. ఆరోగ్యానికి దాంతో భయం లేదు. కానీ అక్కడ నీళ్లు తిరుగుతున్నాయని అదే సాక్ష్యం. చీరల మీద తెల్లపొడి మాత్రం బూజే.

గృహలక్ష్మి_77
మా ఇంట్లో బ్లీచింగ్ పౌడర్‌లో టాయిలెట్ క్లీనర్ కలిపి పూస్తే నిమిషంలో తెల్లబడింది. ట్రై చేయండి.

ఛాతీ_డాక్టర్
దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. వెనిగర్ కూడా యాసిడే, బ్లీచ్‌తో అదీ వద్దు. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లతోనూ వద్దు. గృహలక్ష్మి గారూ, మీకేం కాకపోవడం అదృష్టం. ఆ పోస్ట్ తీసేస్తే మంచిది.

గృహలక్ష్మి_77
అయ్యో, తెలియదండి. తీసేస్తే మీ జవాబు ఎవరికీ అర్థం కాదు, ఉండనివ్వండి. మరి దేంతో కడగాలి?

రంగుల_డబ్బా
బట్టల సబ్బు నీళ్లు చాలక్కా. మేం చేసే పద్ధతి చెప్తా. గదిలో ఫ్యాన్ ఆపాలి, లేకపోతే పొడి ఇల్లంతా ఎగురుతుంది. తలుపు మూసి కిటికీ తీయాలి. ఎన్95 మాస్క్, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు. పొడి గోడని బ్రష్‌తో గీకకూడదు. ముందు సబ్బు నీళ్లు స్ప్రే చేసి తడిపి, అప్పుడు రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డల్ని కవర్లో కట్టి పారేయాలి. ఉబ్బిన పుట్టీని కూడా తడిపే గీకాలి. తర్వాత మంచి నీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. అప్పుడు ఫ్యాన్ పెట్టుకోండి, ఎంత గాలి తగిలితే అంత మంచిది. గోడ ఆరడం తొందరగా అయ్యే పని కాదు, తడి చూసే మీటర్ ఉన్న పెయింటర్ దొరికితే దాంతో చూపించుకోండి.

హ్యూస్టన్_తెలుగోడు
బ్లీచ్ మీద ఒక మాట. బూజు తీయడానికి దాన్ని రొటీన్‌గా వాడమని ఈపీఏ చెప్పదు. పైన రంగు తెల్లబడుతుంది, కింద పదార్థం అలాగే ఉంటుంది. డాక్టర్ గారు చెప్పినట్టు చచ్చిన బూజూ అలర్జీయే, దాన్ని అక్కడి నుంచి తీసేయాలి. పది చదరపు అడుగులు, అంటే సుమారు మూడడుగులకు మూడడుగులు లోపు ఉంటే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చని వాళ్ల లెక్క. అంతకు మించితే మనిషిని పిలవండి.

మాంచెస్టర్_మావయ్య
అనుమానప్పక్షి గారు "ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు కాబట్టి ఇది రాస్తున్నా. మా ఊరి పక్కనే రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబర్‌లో చనిపోయాడు. బూజు పట్టిన ఫ్లాట్‌లో చాలాకాలం ఉండటం వల్ల వచ్చిన శ్వాస సమస్యే కారణమని 2022 నవంబర్‌లో కరోనర్ (మరణాలపై విచారణ చేసే అధికారి) తేల్చారు. తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే మొదట్లో పెయింట్ వేసుకోమన్నారు. తర్వాత వాళ్ల జీవనశైలి వల్లే తేమ అన్నారు. ఇక్కడి ఓనర్ గారి జవాబు చదివితే అదే గుర్తొచ్చింది.

ఆ బాబు పేరు మీదే చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి ఇంగ్లండ్‌లో సోషల్ హౌసింగ్ (కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు) ఓనర్లు అత్యవసరమైన ప్రమాదమైతే 24 గంటల్లో కదలాలి. చెమ్మ, బూజు పెద్దదని తెలిస్తే పది పనిదినాల్లో వచ్చి చూడాలి, ప్రమాదం ఉందని తేలితే మరో ఐదు పనిదినాల్లో ఇంటిని క్షేమంగా మార్చాలి. ప్రైవేటు అద్దె ఇళ్లకు ఇది ఇంకా వర్తించదు.

అనుమానప్పక్షి
ఇది నాకు తెలియదు. పసివాడు పోయాడంటే మాటల్లేవు. అయినా ప్రతి నల్ల మచ్చకీ ఇల్లు ఖాళీ చేయమనే వీడియోల మీద నా కోపం మాత్రం పోలేదు.

ఓనర్_కష్టాలు
మా వైపు మాట కూడా వినండి. నాకు రెండు ఫ్లాట్లు ఉన్నాయి. ఒకదాంట్లో అద్దెకున్నవాళ్లు రోజంతా కిటికీలు తీయరు, వానాకాలమంతా హాల్లో తాళ్లు కట్టి బట్టలు ఆరేస్తారు, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయరు, కరెంట్ బిల్లు వస్తుందని. బూజు పట్టాక ఫోన్ నాకు. లీకేజీ అయితే నాది బాధ్యత, ఒప్పుకుంటా. ఇదెవరిది?

కాంక్రీట్_బాబాయ్
న్యాయమైన ప్రశ్నే. ఆ ఫాయిల్ పరీక్ష ఇద్దరి ముందూ చేయండి, తగువు అక్కడే తెగుతుంది. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే తేమ చూపించే డిజిటల్ మీటర్ దొరుకుతుంది, దాన్ని గదిలో పెట్టండి. 60 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజుకి పండగే. వైజాగ్‌లో వానాకాలంలో 80 దాటడం మామూలే కనుక కిటికీ తీయమని చెప్పడం కూడా అన్నివేళలా సరికాదు. బయట వాన కురుస్తుంటే లోపలికొచ్చేది కూడా తడిగాలే. అలాంటప్పుడు ఏసీని డ్రై మోడ్‌లో పెట్టడం నయం. స్నానం చేసేటప్పుడు, వండేటప్పుడు ఎగ్జాస్ట్ తప్పనిసరి. బీరువాని గోడకి జానెడు దూరంలో పెట్టండి.

ఎంవీపీ_అద్దెఇల్లు
పరీక్ష చేశాం. ఫాయిల్ గోడ వైపే తడి. అవతల బాత్రూమే ఉంది. బాబాయ్ గారు అన్నట్టు అది వాడటం ఆపాక గోడ కొంచెం కొంచెంగా ఆరుతోంది. ఫోటోలు తేదీలతో సహా ఓనర్ గారికి వాట్సాప్‌లో పెట్టాను. ఈసారి పెయింటర్ మాట ఎత్తలేదు, ప్లంబర్‌ని పంపారు. నాణీ ట్రాప్ చుట్టూ సిమెంటు వదిలేసిందట, టైల్స్ మధ్య గ్రౌట్ కూడా పోయింది. టైల్స్ తీసి వాటర్‌ఫ్రూఫింగ్ చేయాలి అన్నాడు. పాపకి ఇన్‌హేలర్ రాశారు. పట్టుచీరలు ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

గృహలక్ష్మి_77
ఇది నాకు తెలిసిన పనే. చీరల్ని ఇంట్లో దులపకండి. డాబా మీదికి తీసుకెళ్లి, మాస్క్ పెట్టుకుని, మెత్తటి బ్రష్‌తో రెండు వైపులా దులపండి. నీడలో గాలికి ఆరేయండి, పట్టు ఎండకి రంగు పోతుంది. తర్వాత డ్రైక్లీనింగ్‌కి ఇస్తూ బూజు పట్టిందని చెప్పి ఇవ్వండి. మళ్లీ పెట్టేటప్పుడు ప్లాస్టిక్ కవర్లు వద్దు, పాత కాటన్ పంచెలో చుట్టండి. తేమ పీల్చే క్యాల్షియం క్లోరైడ్ డబ్బాలు దొరుకుతాయి, అరకొకటి పెట్టుకోవచ్చు. నిండగానే మార్చాలి, ఆ నీళ్లు చీర మీద ఒలికితే మరక పోదు.

సింగ్‌నగర్_నుంచి
2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మా గ్రౌండ్ ఫ్లోర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. నీళ్లు తగ్గి లోపలికి వెళ్లేసరికి పరుపులు, ప్లైవుడ్ అరలు అన్నిటి మీదా రంగురంగుల బూజు. తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే బూజు పట్టదని చెబుతారు, మాకా అవకాశమే లేదు. అది మురుగు కలిసిన నీరు. అందుకే పరుపులు, దిండ్లు, పార్టికల్ బోర్డు వస్తువులు ఉంచుకోవద్దు, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే. స్టీలు, ప్లాస్టిక్, గాజు కడుక్కోవచ్చు. మా వీధిలో వెంటనే రంగులు వేయించినవాళ్లంతా మళ్లీ వేయించారు. స్విచ్ బోర్డులు ఎలక్ట్రీషియన్ చూడకుండా కరెంట్ వేయకండి.

కొంపల్లి_కొత్తఫ్లాట్
మాది సొంతం. తాళాలిచ్చి రెండేళ్లు కాలేదు, పిల్లల గది మూలలో అప్పుడే బూజు. బిల్డర్ ఆఫీసుకి వెళ్తే "కొత్త కాంక్రీటు అలాగే ఉంటుంది సార్" అంటున్నారు. నిజమేనా?

కాంక్రీట్_బాబాయ్
కొంత నిజం. కొత్త కట్టడంలో నీళ్లు ఆరడానికి నెలలు పడుతుంది, ప్లాస్టర్ పూర్తిగా ఆరకముందే పుట్టీ, రంగు వేస్తే ఆ తడి లోపలే చిక్కుకుంటుంది. కానీ రెండో ఏడాదికి కూడా అదే కారణం అంటే నమ్మను. పిట్టగోడ, స్లాబు కలిసే మూల, బయటి గోడ పగుళ్లు చూపించండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడితే, మీరు చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ సొంత ఖర్చుతో సరిచేయాలి. నోటిమాటగా చెప్పకండి, ఈమెయిల్ పెట్టండి, ఫోటోలు జతచేయండి. పలకకపోతే తెలంగాణ రెరాకి ఫిర్యాదు చేయొచ్చు.

నిజామాబాద్_నాని
అన్నా, మాకు గోడలకేం లేదు. ఎండాకాలం కూలర్ వేస్తే మాత్రం ముక్కిపోయిన వాసన, నాన్నకి పొడి దగ్గు. గడ్డి ప్యాడ్లు నల్లగా అయ్యాయి. అది కూడా ఈ కిందికే వస్తుందా?

ఛాతీ_డాక్టర్
వస్తుంది, నా దృష్టిలో గోడ కంటే ఇదే ముందు చూడాల్సింది. 2017లో వచ్చిన ఒక భారతీయ రిజిస్ట్రీ (రోగుల వివరాలు నమోదు చేసిన అధ్యయనం) చదవదగ్గది. దేశంలోని 27 కేంద్రాల్లో ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడే జబ్బులున్న 1,084 మందిని పరిశీలిస్తే, 47.3 శాతం మందికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని తేలింది. అంటే పీల్చినదానికి ఊపిరితిత్తులు అలర్జీగా వాచిపోవడం. వాళ్లు పీల్చినవాటిలో ఎక్కువగా కనిపించింది ఎయిర్ కూలర్ల గాలే, 48 శాతం మందిలో. తడి ప్యాడ్ మీద పెరిగిన బూజుని ఫ్యాన్ నేరుగా మొహం మీదికి కొడుతుంది కదా.

ప్యాడ్లు ఇప్పుడే మార్చేయండి, ఏటా సీజన్ మొదట్లో కొత్తవి వేయండి. తొట్టిలో నీళ్లు నిల్వ ఉంచకుండా తరచూ ఖాళీ చేసి, రుద్ది కడిగి ఆరబెట్టండి. కూలర్ కట్టేసే ముందు కాసేపు నీళ్ల పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటే నడిపితే ప్యాడ్లు ఆరతాయి. ఎక్కువకాలం వాడనప్పుడు నీళ్లన్నీ తీసేసి పెట్టండి.

నాన్నగారికి కూలర్ వాడిన కొన్ని గంటలకు జ్వరం, ఆయాసం వస్తున్నాయా, ఊరెళ్తే తగ్గుతున్నాయా గమనించండి. మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం, కఫంలో రక్తం, వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకుండా ఛాతీ డాక్టర్‌కి చూపించండి.

నిజామాబాద్_నాని
మెట్లెక్కితే ఆయాసం ఉంది సార్. వయసు వల్ల అనుకున్నాం. రేపే తీసుకెళ్తా.